కడప ఎండకు తట్టుకునే ఇల్లు బండి కోసం

మోటార్‌హోమ్ అమ్మేవాళ్ళెవరైనా ముందు తలుపు తీసి సోఫా చూపిస్తారు. ఆ తర్వాత రంగులు మారే లైట్లు, టీవీ, షవరు. కిందికి వంగి చాసిస్, అంటే బండి బరువంతా మోసే ఇనుప చట్రం, చూడమని ఒక్కరూ అనరు. మా ఆయన మాత్రం ఏ బండి దగ్గరికి పోయినా లోపలికి ఎక్కకుండా, గోనెపట్టా పరుచుకుని దాని కిందికి దూరేవారు. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? నేను జెడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ఆయన కింద టార్చి వేసి చూస్తుంటే నేను లోపల టేపు, థర్మామీటరు పట్టుకుని కొలతలు రాసుకునేదాన్ని. మా ఇద్దరినీ చూస్తే అమ్మేవాళ్ళకు కొంచెం చిరాగ్గానే ఉండేది.

పిల్లలు ఎవరి దారిన వాళ్ళు స్థిరపడ్డారు. కడపలో ఇంటి కింది భాగం అద్దెకిచ్చి, పైన ఒక్క గది మాత్రం ఉంచుకుని, ఏడాది పొడవునా బండిలోనే ఉండాలని మా ఆలోచన. సెలవులకు షికారు పోయే బండి వేరు, కాపురం చేసే బండి వేరు. రెండు రోజుల షికారులో రాత్రికి సోఫా లాగి మంచం చేసుకోవడం సరదాగా ఉంటుంది. రోజూ అదే పని అంటే నెల తిరక్కముందే విసుగొస్తుంది. అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. కాపురముండే బండి షెడ్డుకు పోయిందంటే ఇల్లు కూడా షెడ్డుకు పోయినట్టే. స్పేర్ పార్టు వచ్చేదాకా లాడ్జిలో ఉండాలి. అందుకే మా ఆయన మొదటి రోజే ఒక షరతు పెట్టారు: "ప్రొద్దుటూరులో దొరకని పార్టు ఉన్న బండి మనకొద్దు." ప్రొద్దుటూరులో దొరికేది దేశంలో ఏ మోస్తరు ఊళ్ళోనైనా దొరుకుతుందని ఆయన లెక్క.

ఆ షరతుతోనే సగం బండ్లు పక్కకు పోయాయి. దిగుమతి వ్యాన్లు, ఊరికి ఒకటి కూడా కనపడని మోడళ్ళు మేం చూడనే లేదు. కారు వెనక తగిలించుకునే ట్రైలర్ కారవాన్ చూడముచ్చటగా ఉంది కానీ, మన సందుల్లో దాన్ని రివర్స్ చేయడం ఒక శిక్ష. పైగా అర్ధరాత్రి ఆ చోటు నచ్చకపోతే దిగి కారెక్కకుండా కదిలి పోలేం. పికప్ మీద గది కట్టినవి చవకే, కానీ వాటిలో చాలావరకు నిలబడి చీర కట్టుకోవడానికి కూడా ఎత్తు చాలదు. మా ఆయనకు పాత బస్సు మీద మనసు. వేలంలో తీసుకుని తనే బాగు చేస్తానన్నారు. నేను ఒప్పుకోలేదు. నా దగ్గరున్నది ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు, అది గ్రాస్ వెయిట్, అంటే లోడుతో కలిపి బండి మొత్తం బరువు, 7,500 కిలోల వరకే పనికొస్తుంది. రాత్రిపూట ఈయనకు ఛాతీలో నొప్పి వస్తే స్టీరింగ్ పట్టాల్సింది నేను. నేను నడపలేని బండిని ఇల్లనుకోవడం నా వల్ల కాదని చెప్పేశాను.

మిగిలింది టెంపో ట్రావెలర్, వింగర్ లాంటి పెద్ద వ్యాన్లు. ట్రావెలర్ అయితే స్కూలు పిల్లలను మోసేదీ అదే, తిరుమలకు పెళ్ళిబృందాన్ని తీసుకుపోయేదీ అదే, చాలాచోట్ల అంబులెన్సూ అదే. దాని ఇంజిన్ విప్పని మెకానిక్ ఉండడు. హైరూఫ్ అయితే లోపల మా ఆయన తల వంచకుండా నిలబడతారు. కొత్తగా తయారైన ట్రావెలర్ మోటార్‌హోమ్‌కు మాకు చెప్పిన ధరలన్నీ 30 లక్షల పైమాటే. పెన్షన్ మీద బతికేవాళ్ళం, కమ్యుటేషన్ డబ్బంతా (పెన్షన్‌లో కొంత భాగానికి ముందే ఒక్కసారిగా తీసుకున్నది) బండిలో పోసేస్తే డీజిల్‌కు ఏం మిగులుతుంది? పాతది చూద్దామనుకున్నాం.

కొనేముందు ఒక కారవాన్ అద్దెకు తీసుకుని గండికోట దగ్గర ఉండి వచ్చాం. పెన్నా లోయ అందాలు అందరికీ తెలిసినవే, వాటి సంగతి వదిలేస్తాను. మంచం ఎప్పుడూ పరిచే ఉండాలని, తెల్లవారుజామున టీ పెట్టుకునే మనిషి నిద్రపోయే మనిషి తల మీదుగా పోనక్కర్లేని చోట పొయ్యి ఉండాలని, బాత్రూం తలుపు తెరిస్తే వంటగట్టుకు తగలకూడదని అక్కడే తెలిసింది. పట్టపగలు కొలతలు తీస్తే ఇవేవీ బయటపడవు.

తర్వాత బెంగళూరులో బండ్లు చూడటం మొదలుపెట్టాం. అప్పుడు జనవరి. ఆ ఊరి చల్లదనంలో ఏ బండైనా బాగుంటుంది. మాది మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలైన ఊరు. అందుకని నేను ఏ బండిలోకి ఎక్కినా మొదట అడిగింది ఒక స్క్రూడ్రైవరు. పైకప్పుకు బిగించిన చిన్న లైటు ఒకటి విప్పి ఆ కంతలోంచి చూస్తే లోపలేముందో తెలిసిపోతుంది. మేం చూసిన వాటిలో ఎక్కువ బండ్లకు పైన రేకు, దాని కింద సన్నని ప్లైవుడ్డు, దానికి మెత్తని గుడ్డ. మధ్యలో ఏమీ లేదు. ఒక బండిలో థర్మోకోల్ ముక్కలు పెట్టారు కానీ, రేకును పట్టుకునే ఇనుప రిబ్బుల మీద ఏమీ వేయలేదు. వేడి ఆ ఇనుములోంచి నేరుగా లోపలికి వస్తుంది. ఉష్ణవహనం పాఠం బడి పిల్లలకు గిన్నెలో గరిటె పెట్టి చూపిస్తాం, లక్షలు తీసుకునే షెడ్డువాళ్ళకు ఎందుకు తెలియదో మరి.

"ఏసీ ఉంది కదా మేడమ్" అనేవాళ్ళు. ఏసీకి కరెంటు ఎక్కడినుంచి వస్తుందని అడిగితే జనరేటర్ చూపించేవాళ్ళు. గుడి పక్కనో, ఎవరి ఇంటి ముందో బండి ఆపుకుని రాత్రంతా జనరేటర్ తిప్పితే తెల్లారేసరికి ఊరంతా మన మీదికి వస్తుంది.

ఈ లోపు ఒక తెలిసినాయన సలహా ఇచ్చాడు. ఖాళీ ట్రావెలర్ కొని, సీట్లు పీకేసి, మీకు నచ్చినట్టు లోపల కట్టించుకోండి, చవకలో పోతుందని. వినడానికి బాగుంది. చిక్కంతా కాగితాల్లో ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో రాసిన వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. కారవాన్లకు ఏఐఎస్-124 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. దాని ప్రకారం పరీక్ష చేయించి ఆమోదం తెచ్చుకున్న డిజైన్‌తో కట్టినవాళ్ళ బండ్లు ఆర్సీలో 'మోటార్ కారవాన్'గా ఎక్కుతాయి. సీట్లు, టేబులు, పడక, వంట వసతి, సామాను పెట్టుకునే చోటు ఉండాలి, అవి బండికి గట్టిగా బిగించి ఉండాలి అనేది అసలు నిర్వచనం. ఆ ఆమోదం లేకుండా, పదిహేను సీట్ల బస్సని రాసున్న ఆర్సీ పెట్టుకుని లోపల మంచాలూ పొయ్యీ బిగిస్తే చెక్‌పోస్టులో ఆపిన ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాలి. అది కూడా భరించవచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ ఒక్క మాట పట్టుకుని క్లెయిమ్ ఇవ్వనంటే? మా ఇల్లే అది.

టూరిస్టులకు తిప్పిన పసుపు బోర్డు బండ్లతో ఇంకో తలనొప్పి. పర్మిట్ సరెండర్ చేసి, పన్నులన్నీ తీర్చి, ప్రైవేటుకు మార్చుకోవాలి. మార్చకపోతే ఎనిమిదేళ్ళు దాటిన దానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ప్రైవేటు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు నడుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్.

ఇవన్నీ కూర్చుని రాసుకున్నాక మాకు కావలసిందేమిటో తేలింది. ఆర్సీలో ముందే మోటార్ కారవాన్ అని ఉండాలి. ప్రైవేటు రిజిస్ట్రేషన్ అయి ఉండాలి. ఇంజిన్, చాసిస్ బాగుండాలి. లోపల ఎంత పాతబడి ఉంటే అంత మంచిది, ఎందుకంటే ధర తగ్గించేది లోపలి అందమే. చిరిగిన సోఫా, ఊడిపోయిన సన్‌మైకా చూసి వచ్చినవాళ్ళంతా వెనక్కి పోతుంటారు. వాటిని ఎవరైనా వారంలో మార్చేస్తారు. తుప్పు పట్టిన చాసిస్‌ను, తప్పు రాసిన ఆర్సీని మార్చడం ఎవరి తరమూ కాదు.

బండి కింద మా ఆయన చూసేవి కొన్ని చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. చాసిస్ పట్టీల మీద కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంటే ఆయనకు వెంటనే అనుమానం వచ్చేది. సుత్తితో మెల్లగా తట్టి శబ్దం వినేవారు. కమాన్ కట్టల్లో (చక్రాల పైనుండే స్ప్రింగు పట్టీల్లో) ఒక పట్టీ మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఆ బండి బరువు మీద తిరిగిందని అర్థం. చల్లటి ఇంజిన్‌ను తనే స్టార్ట్ చేస్తానని పట్టుబట్టేవారు. మనం పోయేసరికే ఇంజిన్ వేడిగా ఉందంటే, స్టార్టింగ్ కష్టం తెలియకుండా ముందే తిప్పి ఉంచారన్నమాట. స్టార్ట్ చేశాక ఆయిల్ పోసే మూత విప్పి తిరగేసి దాని మీదే పెట్టేవారు. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పుమని వస్తే పిస్టన్ రింగులు అయిపోయినట్టే. ఇది గ్యారేజీలో కొత్త కుర్రాళ్ళకు మొదటి రోజు నేర్పించే పనట.

నా వంతు పరీక్షలు వేరే. రిటైరయ్యే రోజు ల్యాబ్ అసిస్టెంటు గుర్తుగా ఇచ్చిన దండాయస్కాంతం ఒకటుంది. దాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరుపుతూ పోతాను. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ మందంగా పెట్టినచోట జారి కింద పడుతుంది. బెంగళూరులో చూసిన ఒక అందమైన బండికి ఎడమవైపు తలుపు వెనకనుంచి చక్రం దాకా ఎక్కడా అంటుకోలేదు. యాక్సిడెంట్ ఏమీ కాలేదని అంతకుముందే ప్రమాణం చేసి చెప్పారు. ఇంకో బండి మీటరు అరవై వేల కిలోమీటర్లు చూపిస్తోంది, క్లచ్ పెడల్ మీద రబ్బరు మాత్రం అరిగిపోయి ఇనుము తేలింది. టైర్లు చూస్తే బండి కన్నా పాతవి. టైరు పక్కన అచ్చుపోసిన అంకెల్లో చివరి నాలుగు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. బండి 2021ది అంటూ 2017 టైర్లు తగిలించారంటే ఆ టైర్లు ఏ షెడ్డులోంచో వచ్చాయి. "మీరు సీబీఐ నుంచి వచ్చారా మేడమ్?" అన్నాడు బ్రోకరు. నవ్వి దిగేశాను.

చివరికి బండి మా పక్కనే దొరికింది. బెంగళూరులో ఉద్యోగం చేసే రాయచోటి అబ్బాయి 2019లో కట్టించుకున్న ట్రావెలర్, కేఏ నంబరు. కరోనా రోజుల్లో బాగా తిరిగాడట. పెళ్ళయి పిల్ల పుట్టాక నాన్నగారి ఇంటి దొడ్లో చింతచెట్టు కింద పెట్టేశాడు. పైన చింతాకు పేరుకుపోయింది, వైర్లు ఎలుకలు కొరికేశాయి, రెండు ఇన్వర్టర్ బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి, సోఫా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆర్సీలో మోటార్ కారవాన్ అని స్పష్టంగా ఉంది. లోను లేదు, చలాన్లు లేవు, మధ్యలో చేతులు మారలేదు. మా ఆయన కిందినుంచి బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసి కళ్ళు చిన్నవి చేశారు. బేరంలో మొహం బయటపడకూడదని మా ఒప్పందం.

2019 బండి అంటే పొగ కాలుష్య ప్రమాణాల్లో బీఎస్-4. 2020 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నీ బీఎస్-6. పొగ తక్కువ, గాలికి మంచిది, అది నేను కాదనను. కానీ ఆ డీజిల్ బండ్లలో మసి పట్టే ఫిల్టరు, చాలావాటికి పొగను శుభ్రం చేసే యాడ్‌బ్లూ అనే ద్రవం ట్యాంకు, వాటికి సెన్సర్లు ఉంటాయి. ఏదైనా మొరాయిస్తే కంప్యూటర్ పెట్టి చూసే సర్వీస్ సెంటరు కావాలి. మారుమూల ఊళ్ళలో నెలలు గడపాలనుకునేవాళ్ళకు పాతకాలపు ఇంజినే నయమన్నది మా ఆయన వాదన. దీంట్లో నేను ఆయన మాటకే వదిలేశాను.

డబ్బు ఇచ్చేముందు రెండు పనులు చేయాలన్నాం. మొదటిది గువ్వలచెరువు ఘాటు. రాయచోటి నుంచి కడప వచ్చేటప్పుడు ఆ ఘాటు దిగాలి, మళ్ళీ పోతే ఎక్కాలి, ఇంతకన్నా మంచి టెస్టు ట్రాక్ ఎక్కడుంది? ట్యాంకు నిండా నీళ్ళు నింపి, మేమిద్దరం, ఆ అబ్బాయి, వాళ్ళ నాన్న ఎక్కాం. దిగేటప్పుడు మా ఆయన బ్రేకు మీద కాలు పెట్టకుండా గేరు తగ్గించి ఇంజిన్ మీదే దించుకుంటూ వచ్చారు. మధ్యలో కావాలని నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేసి స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందేమో చూశారు. కింద ఆపి ఒక్కొక్క చక్రం దగ్గర వంగి వాసన చూశారు, లైనర్లు కాలితే ముక్కుకే తెలుస్తుందని. వెనక కుడి చక్రం దగ్గర కొద్దిగా వచ్చింది. తిరిగి ఎక్కేటప్పుడు నన్ను నడపమన్నారు. మలుపుల్లో లోడు లారీల వెనక సెకండ్ గేరులో నత్తనడక నడిచినా టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. పైన ఆపి పాలకోవా కొనుక్కున్నాం. గువ్వలచెరువు దాకా పోయి కోవా తినకుండా ఎవరొస్తారు?

రెండోది కాటా. ఎర్రగుంట్ల వైపు సిమెంటు, నాపరాళ్ళ లారీల పుణ్యమా అని వేబ్రిడ్జిలకు కరువు లేదు. మోటార్‌హోమ్ కొనేవాళ్ళు దీన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. కాటా రుసుము టీ ఖర్చంత. ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, మొత్తం బండి ఎక్కించి ఒకసారి తూకం వేయించాం. వెనక యాక్సిల్ మీద ఎంత పడుతోందో తీసివేతలో వచ్చేస్తుంది. ఆర్సీలో ఉన్న గ్రాస్ వెయిట్‌కు రెండొందల కిలోలే మిగులుంది. ఇంకా మా బట్టలు, బియ్యం, గ్యాసు, పుస్తకాలు ఎక్కనే లేదు. కాటా దగ్గరి కుర్రాడు తొంగిచూసి "ఇదేం లోడన్నా?" అనడిగాడు. "సంసారం" అన్నారు మా ఆయన.

బరువు ఎక్కడుందో వెతికితే నవ్వొచ్చింది. వంటగట్టుకు గ్రానైటు వేయించాడు ఆ అబ్బాయి. 18 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు మీటరుకు యాభై కిలోల దగ్గర తూగుతుంది. లోకానికంతా బండలు పంపే జిల్లావాళ్ళం, బండిలో కూడా బండ వేసుకోవాలా? అది పోయింది, దాని బదులు స్టీలు రేకు వేయించాం. జనరేటర్ పోయింది. మందపాటి ప్లైవుడ్ అల్మరాలు సగం తీసేసి అల్యూమినియం ఫ్రేములు పెట్టించాం. తడి తగిలే చోట మాత్రం ఐఎస్ 710 మెరైన్ ప్లై ఉంచుకున్నాం. నీళ్ళ ట్యాంకు లీటరుకు కిలో, ఆ లెక్క ఎవరూ తప్పించలేరు. అందుకే దాన్ని వెనక చివర్నుంచి తీసి యాక్సిళ్ళ మధ్యకు జరిపించాం. అడిగింది 13 లక్షలు, వెనక లైనర్లు, టైర్లు, బ్యాటరీలు చూపించి 10.5 లక్షలకు తీసుకున్నాం. లోపలి పనికి ఇంకో మూడు లక్షలు పైన అయింది.

పని చేయించేటప్పుడు నేను రాజీపడనిది పైకప్పు. మొత్తం విప్పించి, రేకుకూ రిబ్బులకూ కలిపి వేడిని ఆపే నైట్రైల్ రబ్బరు షీటు అంటించి, దానిమీద లోపలి సీలింగు పలకలు వేయించాం. బయట పైన తెల్ల కూలింగ్ పెయింటు. సోలార్ పలకలను రేకుకు ఆనించకుండా నాలుగు వేళ్ళ ఖాళీ వదిలి బిగించాం. కింద గాలి ఆడుతుంది, పలక నీడ రేకు మీద పడుతుంది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండు గంటలకు ఎండలో పెట్టి, కిటికీలు తెరిచి, పైన ఎగ్జాస్టు ఫ్యాను వేసి చూస్తే లోపల బయటికన్నా ఒక డిగ్రీ ఎక్కువ ఉంది. పని చేయించక ముందు అదే చోట బయట 41 ఉంటే లోపల 50 దాటింది.

కరెంటు లెక్క దగ్గర మా ఇద్దరికీ గొడవైంది. "ఏసీ లేకుండా మే నెలలో నువ్వుంటావా?" అన్నారు. "ఉండను. మే నెలలో కడపలోనే ఉండను, హార్స్‌లీ హిల్స్‌కు పోదాం" అన్నాను. నాలుగు వేల అడుగుల ఎత్తు చేసే పనిని బ్యాటరీతో చేయించాలంటే ఎంత ఖర్చో రాసి చూపించాను. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ సగటున ఆరువందల వాట్లు తిన్నా ఏడు గంటల రాత్రికి నాలుగు యూనిట్ల పైమాట. మేం కొన్నది 12.8 వోల్టులు, 200 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, అంటే నిండుగా రెండున్నర యూనిట్లు. మామూలు లెడ్ యాసిడ్ అయితే సగానికి మించి వాడకూడదు, బరువు రెండింతల పైన. లిథియం ఖరీదెక్కువే కానీ బండిలో కాపురానికి అదే గిట్టుబాటు. పైన ఆరువందల వాట్ల పలకలు. మన ఎండకు మంచి రోజున రెండున్నర, మూడు యూనిట్లు వస్తాయి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువనుకుంటారు చాలామంది. పలక వేడెక్కేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి ఒక శాతంలో మూడోవంతు చొప్పున పోతుందనుకోండి, మే నెల మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే ఎంత పోయిందో మీరే లెక్క కట్టుకోవచ్చు.

ఆ రెండున్నర యూనిట్లలో చిన్న డీసీ ఫ్రిజ్, తక్కువ కరెంటు తినే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు, పొద్దున శనక్కాయల చట్నీకి మిక్సీ, రాత్రికి ఒక చిన్న కూలరు సరిపోతాయి. మా రాయలసీమ పొడిగాలిలో కూలరు పనిచేసినంత బాగా కోస్తాలో చేయదు, అక్కడ గాలిలోనే తేమ ఉంటుంది. ఇండక్షన్ స్టవ్ వద్దన్నాను. రెండు వేల వాట్లు 12 వోల్టుల నుంచి లాగాలంటే 165 ఆంపియర్ల పైన పారాలి. చేతి బొటనవేలంత తీగలు కావాలి, ఎక్కడైనా ఒక నట్టు వదులైతే నిప్పే. ఐదు కిలోల గ్యాసు సిలిండరు పెట్టుకున్నాం. దాన్ని పెట్టిన అరకు నేలమట్టంలో బయటికి కన్నం ఉండాలి, ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే కిందే నిలుస్తుంది. మేం కొన్నప్పుడు ఈ బండిలో ఆ కన్నం మూసేసి పైన చక్కటి స్టిక్కరు అంటించారు.

ఏసీని మాత్రం పీకలేదు. ఎవరి ఇంట్లోనైనా 16 ఆంపియర్ల ప్లగ్ దొరికిన రాత్రి వేసుకుంటాం. దానికోసం బండిలోకి కరెంటు వచ్చే చోట కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పెట్టించాను. ఊళ్ళలో ఎర్తింగ్ ఎలా ఉంటుందో తెలిసిందే. ఇనుప బండి, టైర్ల మీద నిలబడి ఉంటుంది, ఎర్త్ లేకుండా బాడీకి కరెంటు వస్తే తలుపు పట్టుకున్న మనిషి ద్వారానే నేలకు పోతుంది. ముందు టెస్టరుతో చూసుకుని తర్వాతే ప్లగ్ పెడతాం.

ఒక చిక్కు మాత్రం తీరలేదు. వేపచెట్టు కింద పెడితే పలకలకు ఎండ లేదు, ఎండలో పెడితే మనుషులకు నీడ లేదు. మధ్యాహ్నం దాకా ఎండలో, ఆ తర్వాత నీడలోకి అని ఇప్పటికి నడుపుకుంటున్నాం.

నీళ్ళు, బాత్రూం గురించి ఎక్కువ చెప్పను. వంటకూ స్నానానికీ కలిపి ఇద్దరికీ రోజుకు రెండు క్యాన్ల నీళ్ళు చాలుతున్నాయి, కూలరు వేస్తే ఇంకాస్త. కింద పెద్ద మురుగు ట్యాంకున్న బండి కన్నా చేత్తో మోసుకుపోయి కడిగే క్యాసెట్ టాయిలెట్ మేలు, మన దగ్గర మురుగు ట్యాంకు ఖాళీ చేసే చోట్లు ఎక్కడున్నాయి? పెట్రోలు బంకులో అడిగితే చాలామంది కాదనరు. శుభ్రంగా కడిగి వస్తామని నమ్మకం కలిగేలా మాట్లాడాలంతే.

ఇక కాగితాలు. వేరే రాష్ట్రం బండిని ఏడాదికి మించి ఇక్కడ ఉంచుకుంటే నంబరు మార్పించుకోవాలి. ముందు కర్ణాటక నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), దానికోసం కాగితం మీద పెన్సిలుతో రుద్ది తీసిన చాసిస్ నంబరు ముద్ర. మా ఆయన రుద్దితే ఒక అంకె సరిగ్గా పడలేదు, ల్యాబ్ రికార్డులు దిద్దిన చేయి కదా అని నేను తీసుకుని మళ్ళీ రుద్దాను. తర్వాత ఫారం 29, 30, ఇక్కడి లైఫ్ ట్యాక్స్. కర్ణాటకలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానిది వాపసు అడగొచ్చు కానీ, ఇక్కడ ముందు చేతినుంచి కట్టాలి. ఆ సొమ్ము కూడా బండి ధరలో కలుపుకుని బేరమాడాలని కొనేవాళ్ళకు చెబుతున్నాను. ఎన్‌ఓసీ వచ్చేదాకా నాకు టెన్షన్, మా ఆయనకు నిద్ర.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చూడటానికి వచ్చిన రోజు మంచం, పొయ్యి, టేబులు అన్నీ చేత్తో ఊపి చూశారు, గట్టిగా బిగించారా లేదా అని. లోపలి వాటికన్నా పైకప్పు మీద ఆయనకు ఆసక్తి కలిగింది. "ఇంత చల్లగా ఎట్లా ఉందమ్మా?" అన్నారు. లైటు విప్పి చూపించాను.

అద్దెకు అడగడానికి వచ్చినవాళ్ళను అప్పటిదాకా వాయిదా వేస్తూ వచ్చాం. ఏపీ నంబరుతో, మోటార్ కారవాన్ అనే రాసి ఉన్న ఆర్సీ చేతికొచ్చాకే కింది వాటాకు టు-లెట్ బోర్డు కట్టాం. గ్యాసు కనెక్షన్, ఓటు, బ్యాంకు చిరునామా పై గది మీదే ఉన్నాయి. పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఎక్కడినుంచైనా ఫోన్‌లో ఇవ్వొచ్చు. ఉత్తరాలు అద్దెకున్నవాళ్ళు తీసి ఉంచుతారు, ఆ మాట అగ్రిమెంటులోనే రాయించాను.